గోదాములో సురేకారం: తడిస్తే నష్టం, మండితే సర్వనాశనం

జహీరాబాద్: అల్లం, బంగాళాదుంప, చెరకు పంటలకు పేరుపడిన ఈ ప్రాంతంలో ఎరువుల వ్యాపారమంటే ఒకనాడు యూరియా, డీఏపీ, పొటాష్ బస్తాలే. బిందు సేద్యం వచ్చిన తరువాత దుకాణాల్లో మరో రకం సరకు చేరింది. నీటిలో పూర్తిగా కరిగే ఎరువులవి. బస్తా మీద 13-0-45 అని ఉంటుంది. రైతు ఆ అంకెలు చెప్పే అడుగుతాడు, వర్తకుడు ఆ అంకెలతోనే బిల్లు రాస్తాడు. ఆ అంకెల చాటున ఉన్న సరకు పొటాషియం నైట్రేట్. పాత తరం వర్తకులు సురేకారం అని పిలిచినది దీన్నే.

సురేకారం అనగానే బాణసంచా గుర్తుకు వస్తుంది. 13-0-45 అంటే ఎవరికీ గుర్తు రాదు. చిక్కంతా ఇక్కడే ఉన్నది. బూడిద తెగులుకు వాడే గంధకపు పొడి కూడా ఇటువంటి దుకాణాల్లోనే అమ్ముడవుతుంది. స్థలం చాలక ఈ రెండింటినీ ఒకే మూలన పేర్చారంటే, సురేకారం, గంధకం, బొగ్గు అనే మూడు తుపాకి మందు దినుసుల్లో రెండింటిని ఒకచోట చేర్చినట్లే. మూడోదాని లోటును గోనె సంచులు, అట్టపెట్టెలు, ఊక తీర్చగలవు. ఇక కావలసింది నిప్పురవ్వ ఒక్కటే.

ఏ సరకు ఈ కోవలోకి వస్తుంది?

తాము స్వయంగా మండకపోయినా పక్కనున్న వస్తువును ఉధృతంగా మండించే పదార్థాలను ఆక్సీకరణ రసాయనాలంటారు. ప్రమాదకర సరకుల అంతర్జాతీయ వర్గీకరణలో వీటి తరగతి 5.1. పసుపు రంగు చదరం, అందులో వలయం మీద మంట బొమ్మ దీని గుర్తు. ప్రతి సరకుకూ ఐక్యరాజ్యసమితి ఇచ్చిన నాలుగంకెల నంబరు కూడా ఉంటుంది. పొటాషియం నైట్రేట్‌కు 1486, అమ్మోనియం నైట్రేట్‌కు 1942, పొటాషియం పర్మాంగనేట్‌కు 1490, సాధారణ బ్లీచింగ్ పౌడరుకు 2208, 20 నుంచి 60 శాతం గాఢత గల హైడ్రోజన్ పెరాక్సైడ్‌కు 2014, ఈత కొలనుల్లో వాడే టీసీసీఏ బిళ్లలకు 2468.

యూరియా, డీఏపీ, మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ ఈ కోవలోకి రావు. కనుక ఎరువుల గోదాములన్నీ ప్రమాదకరమని భయపడనక్కరలేదు. ఏ బస్తా ఏ కోవకు చెందినదో తెలియకుండా అన్నింటినీ ‘ఎరువులు’ అనే ఒక్క మాట కింద జమకట్టడమే ప్రమాదకరం.

షట్టరు మూస్తే ఆరదు

గోదాములో పొగ కనిపించగానే వర్తకుడికి తోచే పనులు కొన్ని ఉన్నాయి. గాలి ఆడకుండా షట్టరు దించడం, తాటిపత్రి కప్పడం, ఇసుక పోయడం, గోడకు తగిలించిన ఎర్ర సిలిండరు తీసి పొడి చల్లడం. పత్తి బేళ్లకో, గోనె సంచుల కట్టలకో నిప్పంటుకున్నప్పుడు ఇవి కొంతవరకు పనిచేస్తాయి. మామూలు మంటకు ప్రాణవాయువు బయటి గాలి నుంచి అందాలి గనుక, గాలి ఆగితే మంట తగ్గుతుంది.

ఆక్సీకరణ రసాయనాల విషయంలో ఈ లెక్క తప్పుతుంది. మంటకు కావలసిన ప్రాణవాయువు సరకులోనే ఉన్నది. వేడెక్కిన కొద్దీ అదే బయటకు వచ్చి మంటను పోషిస్తుంది. షట్టరు దించితే మంట ఆగకపోగా లోపలి వేడి, వాయువుల ఒత్తిడి పెరుగుతాయి. అమ్మోనియం నైట్రేట్ 170 డిగ్రీల సెల్సియస్ సమీపంలో కరుగుతుంది. 210 డిగ్రీల దరిదాపుల నుంచి విచ్ఛిన్నం కావడం మొదలవుతుంది. మూసి ఉన్న చోట వేడి బయటకు పోయే దారి లేకపోతే అది విస్ఫోటనానికి దారితీయవచ్చు.

వేడిని తగ్గించగలిగినది నీరు ఒక్కటే. అది మొదటి నిమిషాలలోనే, పుష్కలంగా, వీలైనంత దూరం నుంచి పడాలి. ఇక్కడే వర్తకుడి మనసు అడ్డుపడుతుంది. సురేకారం నీటిలో కరిగిపోయే సరకు. నీళ్లు పడితే మంటకు చిక్కని బస్తాలు కూడా పాడవుతాయి. ఆ నష్టానికి జంకి వెనుకాడిన చోట ఏమి జరిగిందో చరిత్రలో నమోదై ఉన్నది.

టెక్సాస్ సిటీ రేవులో 1947

1947 ఏప్రిల్ 16 ఉదయం అమెరికాలోని టెక్సాస్ సిటీ రేవులో గ్రాండ్‌క్యాంప్ అనే సరకుల ఓడలో పొగ కనిపించింది. అందులో సుమారు 2,300 టన్నుల అమ్మోనియం నైట్రేట్ ఎరువు కాగితపు సంచుల్లో ఉన్నది. నీరు పడితే సరకు పాడవుతుందన్న ఆలోచనతో కెప్టెన్ ఓడ అర తలుపులు మూయించి, తాటిపత్రులు కప్పించి, లోపలికి ఆవిరి పంపించాడు. గాలి అందకపోతే మంట ఆరుతుందని ఆయన లెక్క. ఆవిరితో సరకు మరింత వేడెక్కింది. పొగ కనిపించిన గంట, గంటంబావు లోపే, ఉదయం 9 గంటల 12 నిమిషాలకు ఓడ పేలిపోయింది.

రేవులోనే ఉన్న హైఫ్లయర్ అనే మరో ఓడలో సుమారు 960 టన్నుల అమ్మోనియం నైట్రేట్, 1,800 టన్నుల గంధకం ఉన్నాయి. మొదటి పేలుడుకు దానికీ నిప్పంటుకుని, అర్ధరాత్రి దాటాక అదీ పేలింది. రెండు పేలుళ్లలో మరణించినవారి సంఖ్య 581 అని లెక్కగట్టారు. ఆ పట్టణపు స్వచ్ఛంద అగ్నిమాపక దళంలోని 28 మందిలో 27 మంది మొదటి పేలుడుకే బలయ్యారు. తడవకుండా కాపాడదలచిన సరకులో ఒక్క బస్తా మిగలలేదు.

పేరు చెప్పకపోవడం వల్ల

అదే టెక్సాస్ రాష్ట్రంలో వెస్ట్ అనే చిన్న పట్టణంలో 2013 ఏప్రిల్ 17న మరో ప్రమాదం జరిగింది. ఇది జహీరాబాద్ వర్తకులకు మరింత దగ్గరి ఉదాహరణ. ఓడా, రేవూ కాదు, రైతులకు ఎరువులు, విత్తనాలు అమ్మే డిపో అది. అమ్మోనియం నైట్రేట్‌ను కొయ్య తొట్లలో పోసి నిల్వ చేశారు. అదే భవనంలో విత్తనాలూ ఉండేవి. మంట కనిపించిన తరువాత సుమారు 20 నిమిషాలకే పేలుడు సంభవించింది. మరణించిన 15 మందిలో 12 మంది మంట ఆర్పడానికి, సాయం చేయడానికి వెళ్లినవారే.

లెబనాన్ రాజధాని బీరూట్ రేవులో 2014 నుంచి గిడ్డంగిలో పడి ఉన్న 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ 2020 ఆగస్టు 4న పేలి 200 మందికి పైగా మరణించారు. తొలుత ‘గిడ్డంగిలో మంట’ అన్న కబురు మీద వెళ్లిన అగ్నిమాపక బృందంలోని 10 మందిలో ఒక్కరూ తిరిగి రాలేదు. లోపల ఉన్న సరకు ఏమిటో వారికి ఎవరూ చెప్పలేదు. బంగ్లాదేశ్‌లోని సీతాకుండ వద్ద 2022 జూన్ 4 రాత్రి కంటైనర్ డిపోలో అంటుకున్న మంటకు హైడ్రోజన్ పెరాక్సైడ్ డబ్బాలు తోడై పేలుడు జరిగింది. 40 మందికి పైగా చనిపోయారు. వారిలోనూ అగ్నిమాపక సిబ్బంది ఉన్నారు. రసాయనాల సంగతి తమకు ముందుగా తెలియలేదని అక్కడి అధికారులు అప్పట్లో చెప్పారు.

బీరూట్ ప్రకంపనలు హైదరాబాద్ వరకు వచ్చాయి. 2015లో కస్టమ్స్ అధికారులు స్వాధీనం చేసుకున్న సుమారు 700 టన్నుల అమ్మోనియం నైట్రేట్ చెన్నై సమీపంలోని మణలిలో కంటైనర్లలో ఉన్న విషయం ఆ పేలుడు తరువాతనే అందరి దృష్టికి వచ్చింది. అంతకుముందే వర్షాలకు కొంత సరకు పాడైపోయింది. మిగిలినదాన్ని వేలంలో అమ్మి, 2020 ఆగస్టులోనే విడతలుగా లారీల మీద హైదరాబాద్‌కు తరలించారు. ఐదేళ్లపాటు కదలని సరకు బీరూట్ వార్త వచ్చిన వారం లోపే కదలడం మొదలుపెట్టింది.

గోదాములో నిప్పు పుడితే

అమెరికా, కెనడా, మెక్సికో రవాణా శాఖలు ప్రచురించే అత్యవసర మార్గదర్శినిలో ఆక్సీకరణ రసాయనాలకు సంబంధించినది 140వ సూచిక. చాలా దేశాల అగ్నిమాపక దళాలు ఈ పుస్తకాన్ని సంప్రదిస్తాయి. అందులోని సూచనలను గోదాము పరిస్థితులకు అన్వయిస్తే ముఖ్యాంశాలివి.

మంట ఇంకా బస్తాలను తాకకపోతే, పక్కనున్న అట్టపెట్టెకో విద్యుత్ తీగకో పరిమితమై ఉంటే, ముందు కరెంటు మెయిన్ తీసివేసి, నీళ్లతో వెంటనే ఆర్పాలి. సెగ సోకని బస్తాలను పక్కకు తీయవచ్చు. సెగ తగిలిన బస్తాలను మాత్రం ఎత్తకూడదు, లాగకూడదు. నైట్రేట్ నిట్టు అంటుకుని గోధుమ, నారింజ రంగు పొగ రావడం మొదలైతే హమాలీలు, గుమాస్తాలు అందరూ గాలికి ఎదురు దిశగా బయటపడాలి. ఆ సమయంలో క్యాష్ పెట్టె కోసమో లెక్కల పుస్తకాల కోసమో ఎవరినీ లోపలికి పంపకూడదు. తలుపులు, కిటికీలు తెరిచే ఉంచాలి.

దూరం విషయంలో మార్గదర్శిని లెక్కలు స్పష్టంగా ఉన్నాయి. లారీ లేక ట్యాంకరు నిండా ఉన్న ఆక్సీకరణ సరకు మంటల్లో చిక్కుకుంటే చుట్టూ 800 మీటర్ల మేర జనాన్ని ఖాళీ చేయించాలి. అమ్మోనియం నైట్రేట్ అయితే 1,600 మీటర్లు. అగ్నిమాపక సిబ్బందికీ ఈ దూరం వర్తిస్తుంది.

ఆ పొగను తక్కువగా అంచనా వేయకూడదు. నైట్రేట్లు మండినప్పుడు వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లు పీల్చినవారికి మొదట దగ్గు, గొంతు మంట తప్ప మరేమీ తెలియకపోవచ్చు. కొన్ని గంటల తరువాత, ఒక్కొక్కప్పుడు మరునాటికి, ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణాపాయం ఏర్పడవచ్చు. పొగ పీల్చిన హమాలీ ‘బాగానే ఉన్నాను’ అన్నా ఇంటికి పంపకుండా ఆసుపత్రిలో చూపించి, పరిశీలనలో ఉంచడం అవసరం.

బ్లీచింగ్ పౌడరు తీరు వేరు

పంచాయతీలకు, మునిసిపాలిటీలకు సరఫరా అయ్యే బ్లీచింగ్ పౌడరు, టీసీసీఏ బిళ్లలు క్లోరిన్ కలిగిన ఆక్సీకరణ సరకులు. గోడకు తగిలించే సాధారణ ఏబీసీ సిలిండరులోని పొడి అమ్మోనియం ఫాస్ఫేట్. దాన్ని ఈ సరకు మీద చల్లితే అపాయకరమైన చర్య జరిగి పేలుడు స్వభావం గల వాయువులు పుట్టవచ్చు. అందువల్ల ఇటువంటి సరకు ఉన్న గదిలో ఆ సిలిండరు వాడకూడదు. నీరు పోస్తే ధారాళంగా పోయాలి. బకెట్టెడు నీళ్లు చల్లి ఊరుకుంటే వేడి, విషవాయువు పెరుగుతాయే తప్ప మంట చల్లారదు.

యూరియా, అమ్మోనియా ఎరువులు, ఆమ్లాలు బ్లీచింగ్ పౌడరుతో కలవకూడదు. ఆమ్లం తగిలితే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. ఎరువుల దుకాణంలో ఒక మూల బ్లీచింగ్ డ్రమ్ములు నిల్వ చేసే వర్తకులు ఈ సంగతి ముఖ్యంగా గమనించాలి.

బస్తా పగిలితే, లారీ బోల్తా పడితే

హైదరాబాద్ నుంచి పూణె వైపు పోయే 65వ నంబరు జాతీయ రహదారి, అనగా పాత 9వ నంబరు రహదారి, జహీరాబాద్ మీదుగానే పోతుంది. పడమటి ప్రాంతాల నుంచి హైదరాబాద్, పటాన్‌చెరు పరిశ్రమలకు వచ్చే లారీలకు ఇదే దారి. కనుక గోదాము లేనివారికి కూడా ఈ సరకు ఎదురుపడే అవకాశం ఉన్నది.

ఒలికిన సరకు ఘనపదార్థమైతే కనీసం 25 మీటర్లు, ద్రవమైతే 50 మీటర్ల మేర జనాన్ని దూరంగా ఉంచాలని మార్గదర్శిని చెబుతున్నది. బీడీ, సిగరెట్లు ఆర్పించడం మొదటి పని. రంపపు పొట్టు, ఊక, గోనె గుడ్డలతో ఒలికిన సరకును ఎత్తడం మన గోదాముల్లో సర్వసాధారణం. ఈ సరకు విషయంలో అది నిప్పుకు ఇంధనం కలిపి ఇచ్చినట్లే అవుతుంది. ఘనపదార్థాన్ని శుభ్రమైన పారతో పొడి డబ్బాలోకి ఎత్తి, మూత బిగించకుండా వదులుగా పెట్టాలి. ద్రవమైతే పొడి ఇసుక వేసి పీల్చుకోనివ్వాలి. ఇసుక మంటను ఆర్పడానికి పనికిరాకపోయినా, ఒలికిన ద్రవాన్ని ఆపడానికి పనికివస్తుంది.

నేల మీద నుంచి ఎత్తిన సరకును తిరిగి మంచి బస్తాలో కలపకూడదు. హైడ్రోజన్ పెరాక్సైడ్ అయితే ఇది మరీ ముఖ్యం. కాస్త తుప్పు, మట్టి చేరినా అది విచ్ఛిన్నమై, మూత బిగించిన డ్రమ్ము పగిలిపోయే ప్రమాదం ఉన్నది. లారీ నుంచి కారిన డీజిలుతో తడిసిన నైట్రేట్ బస్తాను వేరుగా, దూరంగా ఉంచి అధికారులకు తెలియజేయాలి. గనుల్లో బండలు పేల్చే మందు ఒకటి అమ్మోనియం నైట్రేట్‌కు డీజిలు కలిపి చేసేదే.

హమాలీల బట్టలకు ఈ పొడి అంటితే వెంటనే విప్పించి నీళ్లతో తడపాలి. ఎండిన తరువాత అవే బట్టలు చిన్న నిప్పుకే భగ్గున మండుతాయి. మంట ఆర్పిన నీరు, కడిగిన నీరు వాగుల్లో కలవకుండా మట్టి కట్ట వేయడం మరో జాగ్రత్త. నైట్రేట్ కలిసిన నీటి గుంటల్లో తాగిన పశువులు చనిపోవచ్చు. నారింజ వాగు పరిసరాల్లో పశువులు మేపుకునే రైతులకు ఆ నష్టం భరించరానిది.

బిల్లులో పేరు, బీమా పత్రంలో మాట

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ప్రమాదకర సరకు మోసే లారీ మీద సరకు అసలు పేరు, ఐక్యరాజ్యసమితి నంబరు, తరగతి గుర్తు, అగ్నిప్రమాదం జరిగితే పిలవవలసిన ఫోన్ నంబరు, సరకు పంపినవారి ఫోన్ నంబరు ఉండాలి. జాగ్రత్తలు రాసిన పత్రం డ్రైవరు దగ్గర ఉండాలి. అదే సంవత్సరం వచ్చిన ప్రమాదకర రసాయనాల నిబంధనలు భద్రతా వివరాల పత్రాన్ని నిర్దేశించాయి. అమ్మోనియం నైట్రేట్‌కు 2012లో ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. లైసెన్సు లేకుండా దాన్ని కొనడం, అమ్మడం, నిల్వ చేయడం కుదరదు.

కాగితం మీద ఇన్ని ఉన్నా, బిల్లులో ‘కెమికల్స్’ అనో ‘మిక్స్‌డ్ సరకు’ అనో రాస్తే అన్నీ వృథా. ఈ విషయంలో బ్రోకర్ల బాధ్యత తక్కువేమీ కాదు. సరకు చేతులు మారే ప్రతి మెట్టులోనూ పేరు కుదించబడుతుంది. చివరికి లారీ డ్రైవరుకు, గోదాము కాపలాదారుకు చేరేసరికి అది వట్టి ‘తెల్ల పొడి’గా మిగులుతుంది. మంట పుట్టిన రాత్రి అగ్నిమాపక సిబ్బందికి సమాధానం చెప్పవలసినవాడు ఆ కాపలాదారే.

బీమా సంగతీ ఇంతే. పాలసీ తీసుకునేటప్పుడు గోదాములో ప్రమాదకర సరకు లేదని రాసి, తరువాత తెచ్చి పెడితే క్లెయిము తిరస్కరణకు గురయ్యే అవకాశం ఉన్నది. నిర్ణీత పరిమాణానికి మించి ప్రమాదకర సరకు నిల్వ చేసేవారికి 1991 నాటి పబ్లిక్ లయబిలిటీ బీమా చట్టం కూడా వర్తిస్తుంది. ప్రమాదంలో బయటివారికి హాని జరిగితే, యజమాని తప్పు నిరూపించకుండానే పరిహారం కోరే హక్కును ఆ చట్టం కల్పించింది.

రాబోయే రోజులు

2025 జూన్ 30న ఇదే సంగారెడ్డి జిల్లాలోని పాశమైలారం కర్మాగారంలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా కార్మికులు మరణించారు. అక్కడ తయారయ్యేది సెల్యులోజ్ పొడి, ఆక్సీకరణ రసాయనం కాదు. అయినా నిత్యం చేతులతో తాకే పొడి సరకులో ఎంత ప్రమాదం దాగి ఉండవచ్చునో జిల్లా అంతా చూసింది. జహీరాబాద్‌లో పారిశ్రామిక నగరానికి 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. పరిశ్రమలు వచ్చిన కొద్దీ ఈ దారిన నడిచే రసాయనాల లారీలు, పట్టణంలో నిల్వ ఉండే సరకు పెరగడం సహజం.

వర్తకులు ఇప్పుడే చేయదగిన పనులకు పెద్ద ఖర్చు లేదు. 5.1 తరగతి సరకును గంధకం, పురుగుమందులు, నూనెలు, డీజిలు, గోనె సంచుల నుంచి వేరుచేసి, సిమెంటు నేల గల ప్రత్యేక గదిలో ఉంచవచ్చు. నీటి తొట్టి, గొట్టం సిద్ధంగా పెట్టుకోవచ్చు. లోపల ఏ సరకు, ఎన్ని బస్తాలు, ఏ నంబరు అన్న జాబితాను గోదాము బయటి గోడ మీద అతికించి, దాని నకలును స్థానిక ఫైర్ స్టేషన్‌లో ఇవ్వవచ్చు. సరకు వచ్చినప్పుడూ పోయినప్పుడూ ఆ జాబితా మార్చే పని ఒక గుమాస్తాకు అప్పగిస్తే సరిపోతుంది. 101కు లేదా 112కు ఫోను చేసేటప్పుడు ‘గోదాము తగలబడుతోంది’ అనే మాటతో ఆగకుండా ‘లోపల పొటాషియం నైట్రేట్ ఇన్ని బస్తాలు, పక్కన గంధకం లేదు’ అని చెప్పగలిగినప్పుడే, వచ్చే సిబ్బంది ఎంత దూరంలో ఆగాలో, ఎన్ని నీళ్ల బండ్లు పిలవాలో దారిలోనే నిర్ణయించుకోగలుగుతారు.